కూలీ – ఒకరు

కొండెక్కాలన్న ఆలోచన మాకు బడి వంటగదిలో పుట్టింది.

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డు మండలంలో, గిరిజన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. రెండేళ్ల కిందట షుగరు బయటపడింది. రోజూ గంటసేపు నడవమన్నారు డాక్టరుగారు. క్వార్టర్లలోనే ఉంటాను కాబట్టి పొద్దున్నే, పిల్లలు ప్రార్థనకు రాకముందే, బడి మైదానం చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ముప్పై చుట్లు. అవి పూర్తయ్యాక వంటగది గుమ్మంలో కూర్చుని చక్కెర లేని టీ తాగేదాన్ని.

ఆ టీ ఇచ్చేది మా హాస్టల్ వంటామె. కోయ మనిషి. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. పుట్టిల్లు హద్దు అవతల, ఆంధ్రా వైపు, పాపికొండల అడవిలో. పెళ్లయి ఇటు వచ్చింది. మరో ఇద్దరితో కలిసి రోజూ నూట యాభై మందికి వండుతుంది. నేను ఆమెను అక్కా అంటాను. ఆమె నన్ను మేడం అంటుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దన్నది తనే.

"ఎన్ని చుట్లు తిరిగినా మీరు గీడనే ఉంటరు గద మేడం," అన్నది ఒకరోజు ఉప్మా గుండిగ దించుతూ. "కాళ్లు అరగదీసుకునుడే గాని ఏ ఊరికీ చేరరు. మా కొండకి పోదాం పా. ఒక్కనాడు ఎక్కితే నెల తిరిగినంత అయితది."

నవ్వాను. తర్వాత ఆలోచనలో పడ్డాను. ఇరవై ఏళ్లకు పైగా అడవి అంచున ఉద్యోగం చేస్తున్నాను. బోర్డు మీద బొమ్మ వేసి, ఇవి ఎత్తయిన చెట్లు, ఇవి పొదలు, ఇది నేలబారు పచ్చిక అని చెబుతాను. నా ముందు కూర్చున్న పిల్లల్లో సగం మంది ఆ చెట్ల కింద పుట్టినవాళ్లే. నేను మాత్రం అడవిని బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదు.

మూడో మనిషి మా లెక్కల టీచరు. సత్తుపల్లి వైపు రైతు కుటుంబం వాళ్లమ్మాయి. నాకంటే పదేళ్లు చిన్న. ఏ పని మొదలుపెట్టినా జాబితా రాయకుండా ఉండలేదు. ఆ సాయంత్రమే ఒక జాబితా పట్టుకుని వంటగదికి వచ్చింది. టార్చిలైటు, మోకాలి పట్టీలు, గ్లూకోజు పొడి, ప్లాస్టిక్ పట్టా, రెండు దుప్పట్లు, రెండు జతల బూట్లు, ఇంకా ఏమేమో.

వంటామె అంతా విన్నది. "ఇయ్యన్నీ ఎవరు మోస్తరు?" అన్నది.

లెక్కల టీచరు జాబితా మడిచింది.

"ఎవరి సంచి వాళ్లే మొయ్యాలె. నేనైతే మొయ్య, ముందే చెప్తున్న. కొత్త బూట్లు వద్దు, పాతయే ఎయ్యిండ్రి. తేనెతుట్టెలున్న రాయి దగ్గర మాట్లాడొద్దు. గివే మూడు."

ఆమె చెప్పిన దారిని పాత పరీక్ష పేపరు వెనక బొమ్మగా వేశాను. భద్రాచలంలో బస్సెక్కి చివరి ఊళ్లో దిగాలి. అక్కడినుంచి నడిస్తే మధ్యాహ్నానికి ఆమె పుట్టిన ఊరు, ఇప్పుడక్కడ వాళ్ల చిన్నమ్మ ఉంటుంది. ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెడితే సగం దూరంలో ఒక ఊట వస్తుంది. పైన ఎద్దుల బండి తిప్పేంత బల్లపరుపు రాయి. దాని మీద నిలబడితే రెండు కొండల సందున గోదావరి తిరిగే మలుపు కనిపిస్తుంది. పొద్దు వాలేలోపు కిందికి, ఆపైన బస్సు. రెండు రోజుల పని.

నా బొమ్మ చూసి ఆమె పెన్ను లాక్కున్నది. "వాగు గిటు గాదు మేడం, ఎడమ చేతికి వస్తది. మీరు కొండను ఎనక నుంచి ఎక్కిస్తున్నరు," అని దిద్దింది.

అప్పటినుంచి ఆదివారాలు ముగ్గురం సాధన చేశాం. చర్చిలో పొద్దుటి ఆరాధన ముగించుకుని నేను వచ్చేసరికి ఇద్దరూ గేటు దగ్గర ఉండేవాళ్లు. గోదారి గట్టున పర్ణశాల దాకా నడిచి, యాత్రికులతో పాటు అక్కడ మరమరాలు కొనుక్కుని తిని, వెనక్కి వచ్చేవాళ్లం. లెక్కల టీచరుకు మడమ నొప్పి. నాకు ఆయాసం. వంటామె రబ్బరు చెప్పులతో ముందు నడుస్తూ, మేం వెనకబడినప్పుడల్లా ఏదో ఆకు చూసే నెపంతో ఆగేది. మమ్మల్ని చిన్నబుచ్చకూడదని అలా ఆగుతున్నదని తెలియడానికి మూడు ఆదివారాలు పట్టింది. తన అక్కర మాకుందన్న సంతోషం ఆమె నడకలో కనబడేది. వంటగదిలో ఆమె చేతి వంట తినడమే గాని, ఆమె దారి చూపిస్తుంటే వెనక నడిచే అవకాశం మాకు ఎప్పుడొచ్చింది కనుక.

ఆ కొండలు జాతీయ పార్కులోకి వస్తాయనీ, లోపలికి పోవాలంటే అనుమతి కావాలనీ లెక్కల టీచరు ఫోనులో చదివి చెప్పింది.

"పర్మిషనా? కొండకా?" అన్నది వంటామె. కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. అడవికి కాపలా ఉండాలి. చెట్టు కొట్టేవాళ్లూ జంతువును చంపేవాళ్లూ ఉన్నంతకాలం గేటు ఉండాల్సిందే. ఇప్పటికీ ఆ మాటే అంటాను. నా కోపం గేటు మీద కాదు.

అటవీ శాఖ ఆఫీసుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒక శుక్రవారం ముగ్గురం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, హద్దు దాటి ఆ ఆఫీసుకు వెళ్లాం. పెంకుల కప్పు, ముందు వరండా, వరండాలో పట్టుకొచ్చిన కలప దుంగలు. లోపల బల్ల ముందు ముప్పై ఏళ్లు దాటని క్లర్కు ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి రెండు కుర్చీలు లాగాడు.

"కూర్చోండి మేడమ్. ఏంటండి, ఎక్కడినుంచి వచ్చారు?"

చెప్పాను. మా వెనక వంటామె కూడా లోపలికి వచ్చింది.

"నువ్వు బయట కూర్చో," అన్నాడు ఆమెతో.

ఆమె బయటికి వెళ్లి వరండాలో దుంగ మీద కూర్చుంది. ఆమెకు అతని వయసు కొడుకున్నాడు. మాకు మీరు, ఆమెకు నువ్వు. ఆ మాట నాకు అక్కడికక్కడే గుచ్చుకోవాల్సింది. నా తల్లి తిరుమలాయపాలెం దగ్గరి ఊళ్లో పత్తి ఏరి నన్ను చదివించింది. కాగితాల కోసం ఆఫీసుకు వెళ్తే ఆమెనూ ఇలాగే, నువ్వు అనే, గడప బయట నిలబెట్టేవాళ్లు. పదేళ్ల పిల్లగా ఆమె చెయ్యి పట్టుకుని నేనూ నిలబడ్డాను. అంత తెలిసిన దాన్ని, ఆ రోజు కుర్చీలో కూర్చుని బ్యాగులోంచి ఆధార్ కార్డు వెతుకుతున్నాను.

క్లర్కు మంచివాడే. దురుసుగా ఏమీ అనలేదు. మగవాళ్లెవరూ లేరా అని ఒకసారి అడిగాడు, లేరంటే ఊరుకున్నాడు. ఫారం తనే నింపాడు. సందర్శకులు అన్నచోట మా ఇద్దరి పేర్లు రాశాడు. తర్వాతి వరుస గైడు.

"ఆమెకు దారి తెలుసు, ఆమెదే ఆ ఊరు," అన్నాను వరండా వైపు చూపించి.

"లోకల్ వాళ్లు గైడుగా కుదరదండి. సర్టిఫికెట్ ఉండాలి. మా లిస్టులో టౌన్ నుంచి ఒకాయన ఉన్నాడు, ఆయన పేరు వేస్తాను. ఆమె మీతోనే వస్తుందా?"

"వస్తుంది."

"అయితే ఇక్కడ వేద్దాం," అని మూడో వరుసలో రాశాడు. ఆమె పేరు అడగలేదు. తలెత్తి ఆమె వైపు చూడనూ లేదు. ఫారం నా ముందుకు తోశాడు. మూడో వరుసలో ఇలా ఉంది: కూలీ – ఒకరు.

పెన్ను పట్టుకుని ఆగాను. లెక్కల టీచరు నా భుజం మీదుగా చదివింది.

"పెట్టేయండి మేడం, కాగితమేగా," అన్నది మెల్లగా. "మూడున్నర బస్సు పోతే మళ్లీ ఇబ్బంది."

సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో వంటామె కిటికీ పక్కన కూర్చుంది. కొంతదూరం పోయాక, "కాగితం ఇయ్యిండ్రి మేడం, చూస్త," అన్నది. ఇవ్వకుండా ఉండలేకపోయాను. ఆమె ఇలాంటి హాస్టల్లోనే ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి మొదటినుంచీ చదివింది. వేలు మూడో వరుస దగ్గర ఆగింది.

"కూలీ అంటే నేనేనా?"

"అది ఊరికే ఫారంలో అక్కా. వేరే వరుస లేక..."

"అవ్," అన్నది. కాగితాన్ని ఉన్న మడత మీదే మడిచి నాకు ఇచ్చేసింది. బడి దగ్గర దిగేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

తర్వాతి ఆదివారం గేటు దగ్గరికి రాలేదు. పిల్లలకు తలంటు ఉందని చెప్పి పంపింది. టీ ఇచ్చేది గాని పక్కన కూర్చునేది కాదు. ఏ రోజు బయలుదేరదాం అని అడిగితే, "మీ ఇష్టం మేడం," అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మొదట ఆమె మీదే కోపం వచ్చింది, ఉన్నమాటే చెబుతున్నాను. ఒక మాట కోసం ఇంత పట్టింపా అనుకున్నాను. తర్వాత ఆ క్లర్కు మీదికి, కాగితమేగా అన్న లెక్కల టీచరు మీదికి మళ్లింది. ఎవరి మీదికి మళ్లినా చివరికి ఆ సంతకం దగ్గరికే వచ్చేది. అది నాది.

పది రోజులు అలా గడిచాక ఒక పొద్దున వంటగదిలోకి వెళ్లాను. ఆమె ఒక్కతే కూర్చుని బియ్యం చెరుగుతోంది. తప్పు చేశానని చెప్పాను.

చెరగడం ఆపలేదు. "తప్పేముంది మేడం. నేను కూలికి పోలేదా? ఖమ్మం దిక్కు మిరపకాయ ఏర్తానికి పదేండ్లు పోయిన. చేతులు మండుతుంటే నిద్రపట్టక ఏడ్చిన. కూలికి పోయిననాడు కూలీ అన్నరు, అవ్, అన్న. నాకేం సిగ్గు గాదు." చేట కింద పెట్టింది. "కొండ చూపిస్త అని నేను పిలిస్తి గద మిమ్మల్ని. నా ఊరికి మిమ్మల్ని నేను తోలుకపోతున్న. చుట్టాలను ఇంటికి తోలుకపోయేటోళ్లు కూలీనా?"

నేను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

"ఇంకోటి చెప్పాల్నా? మొన్న దసరా సెలవుల్ల మా చిన్నమ్మకు పానం బాగలేదంటే పోయొచ్చిన. గా అడవి దారినే పోయిన. ఎవ్వడు ఏంది అనలేదు. కాగితం అడగలేదు. మీతోటి పోతేనే నాకు కాగితం కావాలె. మీతోటి పోతేనే నేను కూలీ అయితున్న."

ఆ పూట తరగతిలో ఏం చెప్పానో నాకే తెలియదు. మధ్యాహ్నం లెక్కల టీచరును పిలిచి, ఈ మాటలన్నీ ఒక్కటి వదలకుండా చెప్పాను.

"నేనే గదా తొందరపెట్టింది," అన్నది. "ఆ కాగితం చించేద్దాం మేడం. మళ్లీ వెళ్దాం."

"చించొద్దు," అన్నాను. "అదే పట్టుకుని వెళ్దాం."

వంటామెను ఒప్పించడానికి మరో వారం పట్టింది. "మళ్ల దుంగ మీద కూసుంటానికి నేను రాను," అన్నది. ఆమెకు కుర్చీ వెయ్యకపోతే నేనూ కూర్చోనని మాటిచ్చాను. అప్పుడు వచ్చింది, సంక్షేమ శాఖ ఇచ్చిన వంటవాళ్ల చీర కాకుండా తన నీలం చీర కట్టుకుని.

ఈసారి లోపల క్లర్కుతో పాటు అతని పైఅధికారి కూడా ఉన్నాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. కుర్చీలు మళ్లీ రెండే వేశారు. నేను నిలబడే ఉన్నాను. లెక్కల టీచరూ నిలబడింది. అధికారి మమ్మల్ని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి క్లర్కు పక్కగదిలోంచి ఒక స్టూలు తెచ్చాడు. నేను ఆ స్టూలు మీద కూర్చుని, కుర్చీ ఆమె వైపు జరిపాను. ఆమె అంచు మీద కూర్చుంది.

కాగితం బల్ల మీద పెట్టి, ఆ మాట కొట్టేసి ఆమె పేరు గైడు వరుసలో రాయమని అడిగాను.

"అమ్మా, రూలు మేం పెట్టింది కాదు," అన్నాడు అధికారి. "రేపు మీకేమన్నా అయితే బాధ్యత ఎవరిది? ట్రైనింగు అయిన మనిషి ఉండాలి. అదిగో, మా గైడు ఇక్కడే ఉన్నాడు, అడగండి."

వరండాలో కూర్చున్న ఒకాయన్ని పిలిచారు. జీపు నడుపుతాడట. మెడలో గుర్తింపు కార్డు. మేం పోవాలనుకున్న కొండ సంగతి చెబితే తల గోక్కున్నాడు.

"ఆ వైపు నేనెప్పుడూ పోలేదండి. నాది జలపాతం దాకానే. అటు ఎవరన్నా వస్తే ఆ ఊరోళ్లనే ఎవరినో ఒకళ్లని ముందు నడిపిస్తామండి. వాళ్లు లేకపోతే మేం వెనక్కి కూడా రాలేం."

పాపం, ఆయన నిజం చెప్పాడు.

అధికారి వంటామె వైపు తిరిగాడు. "దారి నీకు బాగా తెలుసా?"

మళ్లీ నువ్వే. నా నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆమే మాట్లాడింది.

"మీరు ఎక్కిండ్రా సారూ ఆ కొండ?"

"నేను వచ్చి ఏడాదే అయింది."

"సగం కాడ ఊట ఉన్నది. దాని పైన చింతచెట్టుకాడ దారి రెండు చీలుతది. కుడిదిక్కు పోతే తేనెరాళ్లు, ఎండకాలం ఎలుగుబంట్లు వస్తయి, గటు పోవద్దు. ఎడమదిక్కు పోవాలె. మాఘమాసం దాకా ఊటల నీళ్లుంటయి. హోలీ దాటితే ఎండిపోతది, మోసుకపోవాలె." గోడ మీద పటం వేలాడుతోంది. లేచి దాని ముందుకు వెళ్లింది. "మా ఊరు ఇందుల ఏడున్నది?"

క్లర్కు వచ్చి వెతికాడు. అధికారి కళ్లద్దాలు పెట్టుకుని వెతికాడు. పటంలో ఆ చోట పచ్చరంగు ఉంది, దాని మీద ఒక అంకె ఉంది. ఊరు లేదు. ఆ కొండను వాళ్ల భాషలో ఏమంటారో ఆమె చెప్పింది. అధికారి రాసుకుందామని పెన్ను తీసి, ఎలా రాయాలో తెలియక ఆగిపోయాడు.

ఇక దిగివస్తాడనుకున్నాను. రాలేదు. చాలా మర్యాదగా ఒక ఉపాయం చెప్పాడు. "సర్టిఫికెట్ లేకుండా గైడు అని రాస్తే ఆడిట్‌లో పట్టుకుంటారమ్మా. ఒక పని చేద్దాం. ఈవిడను కూడా సందర్శకుల్లో వేస్తాను. గౌరవంగా ఉంటుంది."

వంటామె నా వైపు చూసింది. "సందర్శకులు అంటే చూస్తానికి వచ్చేటోళ్లే గద మేడం?"

"అవునక్కా."

"మా అమ్మ ఊరు చూస్తానికి నేను కొత్తగ వస్తున్ననా సారూ?"

అధికారి మొహం ఎర్రబడింది. నాకు మాత్రం ఇక కోపం ఆగలేదు. పిల్లల ముందు కూడా నేనంత గొంతు పెంచను. "మీ కాగితంలో ఈమె బరువన్నా మొయ్యాలె, లేకుంటే పరాయిదన్నా కావాలె. రెండే ఉన్నయా? ఈ అడవిల పుట్టి, ఈ అడవి తెలిసిన మనిషికి మీ దగ్గర ఒక్క మాట లేదా? మీ గైడుకు దారి తెల్వదు. మీకు తెల్వదు. మీ పటానికి తెల్వదు. తెలిసిన మనిషి ముందర కూసుంటే, ఆమె పేరేందో ఇప్పటిదాక మీరెవ్వరు అడగలె!"

నేను తెలుగు పుస్తకంలా మాట్లాడే మనిషిని. ఆ రోజు నోట్లోంచి వచ్చింది మా అమ్మ భాష.

క్లర్కు తల దించుకున్నాడు. లెక్కల టీచరు ముందుకు వంగి ఫారం అడుగున వేలు పెట్టింది. "ఇక్కడ వివరములు అని ఖాళీ ఉంది గదండీ. వరుస లేకపోతే ఇందులో రాయొచ్చు. దారి తెలిసిన వ్యక్తి అని రాయండి. అది అబద్ధం కాదు, ఏ ఆడిట్‌వాళ్లూ తప్పు పట్టరు."

పైవాళ్లను అడగాలన్నాడు అధికారి. వచ్చే వారం రమ్మన్నాడు. మాకు పరీక్షలు. ఆ తర్వాత ఆయన సెలవు. మధ్యలో లెక్కల టీచరు నాలుగుసార్లు ఫోను చేసింది. పిల్లలకు తెలిసిపోయి, ఎప్పుడు పోతున్నారు టీచర్ అని అడగడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి వచ్చింది, ఊట ఎండిపోతుందేమోనని భయం పట్టుకుంది. అప్పుడు కాగితం వచ్చింది. సందర్శకులు ఇద్దరు. గైడు, ఆ జీపాయన. అడుగున వివరములలో వంటామె పూర్తిపేరు, దాని పక్కన: దారి తెలిసిన స్థానికురాలు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పోయింది. ఆమె చూసి, "పోనీ తియ్యిండ్రి, పేరైతే ఉన్నది," అన్నది.

ఆ శనివారమే బయలుదేరాం. జీపాయన గేటు దగ్గర కలిశాడు. తానే మా వెంట వస్తానని నవ్వుతూ వంటామె వెనక నిలబడ్డాడు. గేటు కాపలా మనిషి కాగితం చదివాడు. మా ఇద్దర్నీ పొమ్మని చెయ్యి ఊపాడు. ఆమెను ఆపి, సంచి విప్పమన్నాడు. లోపల ఏం పెట్టుకుపోతున్నదో, వచ్చేటప్పుడు ఏం తెస్తుందో చూడాలట. ఆమె సంచి కింద పెట్టి ముడి విప్పబోయింది. అది కొత్త కాదన్నట్టు విప్పబోయింది.

నేను నోరు తెరిచేలోపు లెక్కల టీచరు తన సంచి తెచ్చి అతని బల్ల మీద బోర్లించింది. గ్లూకోజు, మాత్రలు, లోపలి బట్టలు, అన్నీ గుట్టగా పడ్డాయి.

"ముందు నాది చూడండి," అన్నది. "తర్వాత మేడంది. ఆ తర్వాత ఆవిడది. అందరివీ చూడండి, లేదా ఎవరిదీ చూడొద్దు."

అతను కంగారుపడి ఆ బట్టలు చూడలేక పక్కకు తిరిగాడు. "పొండమ్మా, పొండి," అన్నాడు. ఆమె సంచి విప్పలేదు.

కొండ గురించి ఎక్కువ చెప్పను. ఎక్కాను. నాలుగుసార్లు కూర్చున్నాను. ఊటలో నీళ్లున్నాయి. ఊళ్లో వాళ్ల ముసలి చిన్నమ్మ మా ఇద్దర్నీ చూసి వాళ్ల భాషలో ఏదో అడిగింది, వంటామె ఏదో చెప్పింది, ఇంటిల్లిపాదీ నవ్వారు. ఏమని చెప్పిందో అడిగితే, "మా పిల్లలకు చదువు చెప్పేటోళ్లు, పాపం దారి తెల్వదు, నేను తీసుకొచ్చిన అన్న," అన్నది. ఆ రెండు రోజుల్లోనే ఆమె అంతలా నవ్వడం చూశాను. పైన బల్లరాయి మీద గాలికి నిలబడలేక నేను కూర్చుంటే, ఆమె మాత్రం నిలబడి, గోదావరి మలుపు వైపు చెయ్యి చాపి, ఒక్కో గుట్ట పేరూ జీపాయనకు నేర్పుతోంది. ఆయన ఫోనులో రికార్డు చేసుకుంటున్నాడు.

ఆ సంతోషంతో ఇది ముగిసిందని రాయొచ్చు. నాకు అలా అనిపించడం లేదు. మేం ముగ్గురం ఉద్యోగస్థులం కాబట్టి, రెండుసార్లు సెలవు పెట్టగలిగాం కాబట్టి, నోరుంది కాబట్టి ఒక కాగితం అడుగున ఒక పేరు పడింది. దానికి మూడు నెలలు పట్టింది. మా వెనక వచ్చేవాళ్లకు ఏ టీచరూ తోడుండదు. జీపాయన చెప్పినట్టు ఊరివాళ్లు ముందు నడుస్తూనే ఉంటారు, కాగితంలో వేరే పేరు ఉంటూనే ఉంటుంది.

తిరిగొచ్చిన వారానికే పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆ అడవిలో పుట్టినవాళ్లు చదువుకున్నా చదువుకోకపోయినా వాళ్లకు గైడు శిక్షణ ఇవ్వాలని, అప్పటిదాకా ఆ ఫారంలో వాళ్ల పేరు అడగాలని, పెద్దవాళ్లను మీరు అనాలని రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. మీ సూచన పరిశీలనలో ఉన్నది అని ఒకే వాక్యం. అది వంటగదిలో చదివి వినిపించాను.

"పరిశీలన అంటే ఎన్ని దినాలు మేడం?" అన్నది వంటామె.

"తెలియదక్కా."

"అయితే ఇంకోటి రాయిండ్రి. ఈసారి నేను చెప్త, మీరు రాయిండ్రి."

చేతులు కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుని, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆమె చెబుతూ పోయింది. నేను ఒక్క మాట మార్చకుండా రాశాను. రెండున్నర పేజీలయింది. అది పోస్టులో వేసి ఇప్పటికి ఐదు వారాలు. జవాబు రాలేదు. మూడోది మొదలుపెట్టాం.